ఒక్క మాట పట్టుకుని అరవై ఏళ్లు: ఆచార్య ఎన్‌.జి. రంగా పార్లమెంటు జీవితంపై ఒక కేస్ స్టడీ

నేను ఎంపీలకు పార్లమెంటు పని చేసిపెడతాను. ప్రశ్నలు తయారు చేయడం, బిల్లు వస్తే నాలుగు పేజీల నోట్ రాయడం, జీరో అవర్‌లో (సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) మాట్లాడాల్సింది రెండు మూడు నిమిషాలకు కుదించి ఇవ్వడం. పదమూడేళ్లుగా ఇదే నా వృత్తి. పార్టీలు మారాయి, ఎంపీలు మారారు, పని మాత్రం అదే.

ఆమధ్య సమావేశాలకు ముందు కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకు ఒక పని అప్పజెప్పాను. మన ఎంపీ గారి ప్రాధాన్యాలు ఏమిటో రాసుకుని రమ్మన్నాను. మర్నాడు ఇరవై మూడు అంశాలతో జాబితా తెచ్చారు. రైల్వే ఓవర్ బ్రిడ్జి నుంచి కృత్రిమ మేధ దాకా అన్నీ ఉన్నాయి. తప్పు పట్టడానికి లేదు, ఆయన అన్నిటి మీదా ప్రశ్నలు వేసినవారే. కానీ ఆ ఇరవై మూడింటిలో ఏది పోతే ఆయన ఆయన కాకుండా పోతారో చెప్పమంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు వాళ్లకు రైతు నాయకుడు ఆచార్య రంగా కేసు ఇచ్చాను. ఈ వ్యాసం ఆ పాఠానికి రాసుకున్న నోట్సు నుంచి వచ్చిందే. ఒక చట్టసభ సభ్యుడి జీవితాన్ని మేం ఎలా చదువుతామో, ఎక్కడ ఆగుతామో, ఎక్కడ ఆయనతో విభేదిస్తామో ఇందులో ఉంది. జీవిత చరిత్ర కావాలనుకునేవారికి ఇది చాలదు.

ముందుగా కొలత

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. (పుట్టింది 1900 కాబట్టి ఏ సంవత్సరంలో ఆయన వయసెంతో లెక్క కట్టక్కర్లేదు. మా పిల్లలకు ఇది బాగా నచ్చింది.) ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి 1926లో డిగ్రీతో తిరిగొచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ప్రొఫెసరుగా చేరారు. దక్షిణాది చేనేత కార్మికుల బతుకుల మీద ఆయన చేసిన అధ్యయనం 1930లో పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది స్వాతంత్ర్యోద్యమంలోకి దిగారు. అదే ఏడాది కేంద్ర శాసనసభకూ వెళ్లారు.

అక్కడినుంచి లెక్క చూడండి. బ్రిటిష్ కాలపు కేంద్ర శాసనసభ, రాజ్యాంగ సభ, తాత్కాలిక పార్లమెంటు, 1952లో రాజ్యసభ, 1957 నుంచి లోక్‌సభ, 1977లో మళ్లీ రాజ్యసభ, 1980 నుంచి గుంటూరు ఎంపీగా వరుసగా మూడుసార్లు. తొమ్మిదో లోక్‌సభ 1991లో రద్దయ్యేదాకా ఆయన సభ్యుడే. 50 ఏళ్ల పార్లమెంటు సేవకు గిన్నిస్ బుక్‌లో పేరెక్కింది. 1991లోనే పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటేడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

1930 నుంచి 1991 అంటే 61 ఏళ్లు. మధ్యలో ఖాళీలున్నాయి, ముఖ్యంగా 1971లో స్వతంత్ర పార్టీ కుప్పకూలాక కొన్నేళ్లు ఆయన ఏ సభలోనూ లేరు. కాబట్టి "అరవై ఏళ్లు నిరాటంకంగా" అని రాయకూడదని పిల్లలకు చెప్పాను. పొగడబోయి తప్పు అంకె రాస్తే మిగతా నోట్ మొత్తాన్నీ అనుమానిస్తారు.

నాకు ముఖ్యంగా అనిపించే సంగతి ఇంకొకటుంది. ఇంత కాలంలో ఆయన ఒక్కసారి కూడా మంత్రి కాలేదు. చేతిలో శాఖ లేదు, ఫైలు లేదు, సంతకం లేదు. ఉన్నదల్లా సభలో ఒక సీటూ మైకూ. చట్టసభ సభ్యుడు అనే పనిని విడిగా తీసి చూడాలంటే ఇంతకన్నా మంచి కేసు తెలుగునాట నాకు కనబడదు. మంత్రిగా చేసినవారి విషయంలో ఏది ఎంపీగా చేసిందో, ఏది కుర్చీ బలంతో చేసిందో విడదీయడం కష్టం.

పార్టీల చిట్టా

మా వృత్తిలో ఒక ఎంపీ గురించి మొదట అడిగే ప్రశ్న "ఏ పార్టీ?" అనే. రంగా గారి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఒక పేజీ పడుతుంది.

కాంగ్రెస్‌తో మొదలు. అందులో ఉంటూనే రైతు సంఘాలు కట్టారు. నెల్లూరు జిల్లాలో వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటాన్ని నడిపారు. నిడుబ్రోలులో రైతుల పిల్లలకు రాజకీయ శిక్షణ ఇచ్చే విద్యాలయం పెట్టారు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. తర్వాత కమ్యూనిస్టులతో పొసగక ఆ దారి వేరైంది. 1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డితో పోటీపడి ఓడి, కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఆ పార్టీ, ప్రజా పార్టీ, కాంగ్రెస్ కలిసి కమ్యూనిస్టులను ఎదుర్కొన్నాయి, ఆ తర్వాత ఆయన కాంగ్రెస్ గూటికి చేరారు. 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు గెలిచారు. రెండేళ్లకే మళ్లీ బయటికి. 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ. మొదటి అధ్యక్షుడు రంగాయే. 1970ల మొదట్లో తిరిగి కాంగ్రెస్, ఈసారి ఇందిరా గాంధీ నాయకత్వంలో.

ఈ చిట్టా ఇలా చదివితే ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. మా పిల్లల్లో ఒకడు పైకే అనేశాడు: "అంటే మేడమ్, ఈయన ఆయారామ్ గయారామ్ కదా?"

ఆ మాట నాకు కష్టంగా తోచింది. అయినా పాఠానికి పనికొచ్చే మాటే. అందుకే వాళ్లతో బోర్డు మీద రెండు వరుసలు గీయించాను. పై వరుసలో పార్టీ, కింది వరుసలో ఆ పార్టీలో చేరడానికో వదలడానికో దగ్గరి కారణం. పై వరుస నిండా కొట్టివేతలు. కింది వరుసలో 1951 దగ్గర పదవి పోటీ ఉంది, దాన్ని దాచలేం. 1970ల దగ్గర ఓడిన పార్టీ నుంచి గెలిచే పార్టీకి పోవడం ఉంది, దాన్నీ దాచలేం. మిగిలిన చోట్ల మాత్రం ఒక్క మాటే తిరిగి తిరిగి వస్తోంది. రైతు.

నియోజకవర్గాలదీ ఇదే తీరు. తెనాలిలో 1962లో ఓడారు. అదే ఏడు చిత్తూరు ఎంపీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో వచ్చిన ఉప ఎన్నికలో అక్కడినుంచి గెలిచారు. 1967 సభకు వచ్చేసరికి శ్రీకాకుళం, శిష్యుడు గౌతు లచ్చన్నకు పట్టున్న గడ్డ. డెల్టాలో పుట్టిన మనిషి రాష్ట్రానికి ఆ కొస చిత్తూరు నుంచి, ఈ కొస శ్రీకాకుళం నుంచి గెలవడం మామూలు సంగతి కాదు. ఇవాళ ఒక ఎంపీ పక్క నియోజకవర్గానికి మారితేనే "లోకల్ కాదు" అనే గొడవ లేస్తుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభంజనంలో రాష్ట్రంలోని 42 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కినవి 6. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు.

'ఎస్టేట్' అనే మాట దగ్గర

ఇక్కడినుంచి కొంచెం నెమ్మదిగా వెళ్లాలి. పాఠంలోనూ ఇక్కడే ఎక్కువ సేపు ఆగుతాం.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని లక్ష్యంగా తీర్మానించింది. భూములు కలిపి సాగు చేస్తారు, ఎవరి భూమికి వారే హక్కుదారు, భూమిని బట్టి ఫలసాయంలో వాటా. హక్కు పోదని తీర్మానంలో స్పష్టంగానే ఉంది. అయితే సాగు చేసుకునే రైతుకు భూమి అంటే పట్టా కాగితం ఒక్కటే కాదు. ఏ చేలో ఏ పంట వెయ్యాలో, ఎప్పుడు నాటాలో, ఎప్పుడు కొయ్యాలో తానే తేల్చుకునే స్వేచ్ఛ. కాగితం తనదగ్గరే ఉండి తక్కినదంతా సంఘం చేతికి పోతుందన్నది రైతు నాయకుల భయం. ఉత్తరప్రదేశ్‌లో చరణ్ సింగ్ ఆ మహాసభలోనే ఎదురు తిరిగారు, అయినా కాంగ్రెస్‌లోనే 1967 దాకా ఉన్నారు. రంగా ఆ ఏడాదే బయటికి వచ్చేశారు. అధికార పక్షంలో ఉండి లోపల్నుంచి పోరాడాలా, బయటికి వచ్చి ఎదిరించాలా అన్నది ప్రతి ఎంపీకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే. చరణ్ సింగ్ దారిలో వెళ్లినవారికి పదవులు దక్కాయి. రంగాకు దక్కింది ప్రతిపక్షపు బల్ల.

ఆ బల్ల మీద నుంచి ఎదుర్కొన్న అసలు పరీక్ష రాజ్యాంగం 17వ సవరణ.

దాని వెనక కథ తెలిస్తే తప్ప రంగా కోపం అర్థం కాదు. జమీందారీలు రద్దు చేసే చట్టాలను కోర్టులు కొట్టేయకుండా 1951లో మొదటి సవరణ ద్వారా 31ఏ అధికరణ పెట్టారు. 'ఎస్టేట్'ను ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో అడ్డుకోకూడదని దాని సారం. ఎస్టేట్ అంటే జనం మనసులో జమీందారీయే. తర్వాత రాష్ట్రాలు భూపరిమితి చట్టాలు తెచ్చాయి. కేరళ చట్టం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, రైత్వారీ భూములు ఎస్టేట్ కిందికి రావు, కాబట్టి 31ఏ రక్షణ వాటికి వర్తించదని కోర్టు 1961లో తేల్చింది. దానికి విరుగుడుగా కేంద్రం 'ఎస్టేట్' నిర్వచనాన్నే పెంచింది. రైత్వారీ భూమిని కూడా ఎస్టేట్‌లో కలుపుతూ, చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చేందుకు పెట్టిన తొమ్మిదో షెడ్యూలులో 44 చట్టాలను చేరుస్తూ 17వ సవరణ 1964లో వచ్చింది.

రైత్వారీ అంటే మధ్యలో జమీందారు లేకుండా రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి. గుంటూరు జిల్లాలో చాలా ఊళ్ల సంగతి అదే. అంటే 1930లలో వెంకటగిరి రాజా మీద రైతుల పక్షాన కొట్లాడిన మనిషి కళ్లముందే, 1964లో ఆ రాజా పేరూ, నిడుబ్రోలులో రెండెకరాలు దున్నుకునే ఆసామి పేరూ రాజ్యాంగంలో ఒకే మాట కిందికి వచ్చాయి. ఆ మాట ఎస్టేట్.

నేను ఈ సవరణ పాఠాన్ని మొదటిసారి చదివినప్పుడు పార్లమెంటు లైబ్రరీలో ఉన్నాను. సవరణ పాఠాలు చదవడం ఒక ప్రత్యేకమైన విసుగు. "ఫలానా ఉపఖండంలో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు" అని ఉంటుంది, పాత పాఠం పక్కన పెట్టుకుని పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటే తప్ప ఏం మారిందో తెలియదు. అలా గుర్తులు పెట్టుకుంటూ పోతుంటే 'రైత్వారీ' అన్న మాట వచ్చింది. ఇంగ్లీషు చట్టంలో మన ఊరి మాట. ఒక్కసారిగా మా తాతగారి శిస్తు రసీదులు గుర్తొచ్చాయి. ఇంత చిన్న మాట అక్కడ చేరడం వల్ల ఎన్ని లక్షల మంది హక్కు స్వరూపం మారిందో అప్పుడు తెలిసింది. చట్టం చదవడం అంటే నిర్వచనాల సెక్షన్ చదవడం అని నేను పిల్లలకు పదేపదే చెప్పేది ఆ రోజు నుంచే.

స్వతంత్ర పార్టీ ఈ సవరణను గట్టిగా వ్యతిరేకించింది. సంఖ్యాబలంతో ఆపగలిగే స్థితి కాదు, 1962లో ఆ పార్టీకి వచ్చినవి 18 సీట్లు. అయినా బిల్లు నల్లేరు మీద నడకలా పోలేదు. మొదటి విడత సభలో కావలసినంత మెజారిటీ హాజరు లేక పడిపోయి, మళ్లీ ప్రవేశపెట్టి నెగ్గించుకోవాల్సి వచ్చింది. ఆమోదమైన పాఠంలో ఒక మినహాయింపు ఉంది. భూపరిమితిలోపు ఉండి, సొంతంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. ఇది ఫలానా సభ్యుడి ఘనత అని నేను రాయను, సవరణ మీద దేశమంతటా లేచిన అభ్యంతరాల ఒత్తిడి దీని వెనక ఉంది. కానీ ఆ మినహాయింపు ఇవాళ్టికీ 31ఏ అధికరణలో ఉంది. స్వతంత్ర పార్టీ లేదు, కృషికార్ లోక్ పార్టీ లేదు, ఆ మినహాయింపు ఉంది. ఓడిపోయిన ఓటు కూడా పాఠంలో ఎక్కడో ఒకచోట గుర్తు మిగిల్చి పోతుందని నమ్మబట్టే నేను ఈ పనిలో ఉన్నాను.

ఇదే దశలో నాకు మింగుడుపడని సంగతీ ఒకటుంది. స్వతంత్ర పార్టీలోకి మాజీ సంస్థానాధీశులు, బీహార్‌లో రామ్‌గఢ్ రాజా వంటి పెద్ద భూస్వాములు బాహాటంగా వచ్చారు. జమీందారీ వ్యతిరేక పోరాటంతో పేరొచ్చిన నాయకుడు వాళ్లున్న పార్టీకి అధ్యక్షుడు. 1967లో ఆ పార్టీ 44 సీట్లతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం అయింది, సభలో పదో వంతుకు చేరకపోవడంతో గుర్తింపు ఉన్న ప్రతిపక్ష హోదా మాత్రం రాలేదు. ఆ 44 మందిలో రైతు గొంతు ఎంత, రాజుల గొంతు ఎంత అన్నది తేల్చకుండా రంగా కేసు పూర్తి కాదు. నా అంచనా చెబుతాను. చిన్న రైతుకు రక్షణ కోసం ఆయన కట్టిన గోడ వెనక పెద్ద భూస్వామి కూడా వచ్చి దాక్కున్నాడు. అది ఆయనకు తెలియదని నేను అనుకోను. 1971లో 8 సీట్లకు పడిపోయిన పార్టీని జనం ఏ కళ్లతో చూశారో ఆ అంకె చెబుతోంది.

1948 నవంబరు

కాలంలో కొంచెం వెనక్కి. ఈ భాగం పాఠంలో చివరికి పెడతాను, ఎందుకంటే పిల్లలు అప్పటికి రంగా మీద అభిమానం పెంచుకుని ఉంటారు.

రాజ్యాంగ సభ లక్ష్యాల తీర్మానాన్ని చర్చించినప్పుడు రంగా చేసిన ప్రసంగం ఇప్పటికీ చదవదగ్గది. మైనారిటీలు ఎవరన్న చర్చలో ఆయన, ఈ దేశంలో అసలు మైనారిటీలు సామాన్య జనమే అన్నారు. మామూలు పౌరహక్కులను కూడా వాడుకోలేనంతగా అణగదొక్కబడినవారు వాళ్లేనని, గిరిజన ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారుల చేతుల్లో జరుగుతున్నదేమిటో చూడమని అడిగారు. హక్కు కాగితం మీద రాస్తే చాలదు, దాన్ని వాడుకునే స్థితి కూడా కల్పించాలన్నది ఆయన వాదం. లెక్కల మనిషి కదా, భావోద్వేగంలోనూ ఆర్థికశాస్త్రం వినబడుతుంది.

తర్వాత 1948 నవంబరు 4. రాజ్యాంగ ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్, గ్రామాన్ని ఇరుకుతనానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ నెలవుగా వర్ణించారు. ముసాయిదా గ్రామాన్ని కాకుండా వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించారు. ఐదు రోజుల తర్వాత రంగా లేచారు. గ్రామ పంచాయతీల గురించి అంబేద్కర్ అన్న మాటలు తనకు చాలా బాధ కలిగించాయని, దక్షిణాదిలో వెయ్యేళ్లుగా పంచాయతీలు సాధించింది తెలిస్తే అలా అనేవారు కాదని చెప్పారు. మనకు కావలసింది కేంద్రీకరణా, వికేంద్రీకరణా అని సభను నిలదీశారు. ఆ నెలలోనే గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలనే ఆదేశిక సూత్రం, ఇవాళ్టి 40వ అధికరణ, కె. సంతానం సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చే 64వ సవరణ బిల్లు తెచ్చినప్పుడు, ఆ లోక్‌సభలో గుంటూరు సభ్యుడుగా రంగా కూర్చుని ఉన్నారు. ఆయన 1948 ప్రసంగానికి అప్పటికి 41 ఏళ్లు. ఆ బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. ఆయన సభ నుంచి వెళ్లిన మరుసటేడు 73వ సవరణగా నెగ్గింది.

ఒక్క విషయాన్ని అంతకాలం వెంటాడిన సభ్యుడిగా చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కానీ 1948 నవంబరు నాటి అంబేద్కర్ ప్రసంగం, రంగా ప్రసంగం రెండూ పక్కపక్కన పెట్టి చదవమంటాను. పోయిన బ్యాచ్‌లో ప్రకాశం జిల్లా అమ్మాయి ఒకామె చదివి, కాసేపు ఊరుకుని అంది: "మేడమ్, రంగా గారు చూసిన ఊరూ, అంబేద్కర్ గారు చూసిన ఊరూ ఒకటి కాదు. మా ఇల్లు ఊరికి అవతల. మేం పంచాయతీ ఆఫీసు అరుగు ఎక్కింది మా నాన్న కాలంలోనే."

ఆ గదిలో అంతకుమించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా.

ఆ అమ్మాయి చెప్పింది రంగా కేసుకు గుండెకాయ లాంటి మాట. ఆయన రైతు అన్న మాటలో రైతుకూలీని కూడా కలుపుకున్నారు, గ్రామం అన్న మాటలో వాడనూ కలుపుకున్నారు. కలుపుకోవడం వేరు, ఆ మనిషికి విడిగా ఒక మాట ఇవ్వడం వేరు. తీర ప్రాంతంలో కమ్యూనిస్టులు ఆయనతో తెగదెంపులు చేసుకున్నది సరిగ్గా ఇక్కడే. భూమి ఉన్న రైతుకూ, ఆ పొలంలో కూలికి వచ్చేవాడికీ ప్రయోజనం ఒకటే కాదని వాళ్లన్నారు, ఇద్దరూ కలిసి ఉంటేనే పట్నానికీ సర్కారుకూ ఎదురు నిలవగలరని ఆయనన్నారు. సర్కారు మీద పోరాడుతున్నంతసేపూ ఆయన మాట నిలబడింది. భూమి ఎవరిదన్న ప్రశ్న ఊళ్లోకి వచ్చేసరికి నిలబడలేదు. ఈ విషయంలో నేను ఆయన పక్షం కాను.

నిడుబ్రోలు దగ్గర ఒక పొలం గట్టు

రెండేళ్ల కిందట ఒక ఎంపీ కోసం వ్యవసాయ పథకాల మీద నోట్ రాస్తూ పొన్నూరు వైపు వెళ్లాను. వరి కోత అయిపోయింది, మాగాణి అంతా మినుము మొలకలు. గట్టు మీద యాభై దాటిన ఒకాయన పురుగుమందు డబ్బా కడుక్కుంటున్నాడు. ఎన్నెకరాలు బాబాయ్ అనడిగాను.

"సాగుకైతే నాలుగున్నర అమ్మాయ్. పేరుకైతే సెంటు లేదు."

పొలం హైదరాబాదులో ఉంటున్న ఆసామిది. కౌలు ముందే కట్టెయ్యాలి. తుఫానుకు వరి పడిపోయినప్పుడు నష్టపరిహారం ఆసామి ఖాతాలో పడిందట. ఆయన మంచివాడే, ఫోన్ చేసి సగం పంపాడు. "పంపకపోతే మాత్రం ఏం చేస్తాం" అన్నాడాయన. కౌలు కార్డు గురించి అడిగితే నవ్వాడు. 2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి, కార్డు గడువు 11 నెలలు. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇస్తాడో ఇవ్వడో అన్న టెన్షన్. అందుకే అడగలేదు. కేంద్రం ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్ సంగతి అడగనే అక్కర్లేదు, అది పేరు మీద భూమి ఉన్నవారికే.

డబ్బా కడిగిన నీళ్లు కాలవలోకి పోకుండా గట్టుకు ఇవతల చిన్న గుంట తీసి అందులో పోశాడు. అది ఎవరూ చూడని చోట చేసిన పని. పొలం తనది కాకపోయినా కాలవ తనదే అన్నట్టు చేశాడు. ఆచార్య రంగా పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో, దుక్కి నుంచి కోత దాకా అన్నీ చేసే ఈ మనిషి, మన చట్టాల్లో చాలా చోట్ల రైతు కాడు.

తిరిగొచ్చి ఆ ఎంపీకి పన్నెండు పేజీల నోట్ రాశాను. అది నా తప్పు. ఆయనకు జీరో అవర్‌లో దొరికింది రెండు నిమిషాలు. పన్నెండు పేజీల్లోంచి ఏది చదవాలో తోచక, పక్కనున్న వేరే అంశం కాగితం తీసి చదివేశారు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. తర్వాత లిఖితపూర్వక సమాధానం కోసం ప్రశ్న పంపాం. కౌలు రైతుల సంక్షేమానికి ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుందో తెలపాలని. జవాబు వచ్చింది. మొదటి వాక్యం, భూమి రాష్ట్ర జాబితాలోని అంశం అని. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చిన వాక్యమది. ప్రశ్నలో నేనే ఆ తలుపు తెరిచి పెట్టాను. కౌలు అన్నాను కాబట్టి భూమి అన్నారు.

రంగా కేసు పిల్లలకు చెప్పిన తర్వాతే నా ప్రశ్నలో లోపం నాకు కనబడింది. ఆయన జీవితమంతా పోరాడింది పథకాల మీద కాదు, నిర్వచనాల మీద. ఎస్టేట్ అంటే ఎవరు, మైనారిటీ అంటే ఎవరు, స్వతంత్రుడైన సాగుదారు అంటే ఎవరు. నేనూ అక్కడే అడగాలి. 2007లో కేంద్రం ప్రకటించిన జాతీయ రైతు విధానం రైతు అన్న మాటకు విశాలమైన అర్థం ఇచ్చింది. కౌలుదారులు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు, పశుపోషకులు, మత్స్యకారులు అందరూ అందులో ఉన్నారు. అది ప్రభుత్వం తానే రాసుకున్న నిర్వచనం, భూమి రాష్ట్రాలదన్న జవాబు దానికి అడ్డు రాదు.

మా పిల్లలు కొత్త ప్రశ్న రాశారు. ఆ ప్రకాశం జిల్లా అమ్మాయే మొదటి ముసాయిదా తెచ్చింది. (ఎ) 2007 జాతీయ రైతు విధానంలోని రైతు నిర్వచనాన్ని కేంద్ర వ్యవసాయ శాఖ ఇప్పటికీ పాటిస్తోందా; (బి) పాటిస్తే, ప్రస్తుతం అమలులో ఉన్న కేంద్ర పథకాల్లో ఏయే పథకాలకు ఆ నిర్వచనం వర్తిస్తోంది; (సి) వర్తించని పథకాల్లో దానికి కారణాలేమిటి. అంతే, మూడు ముక్కలు. నోటీసుకు కనీసం పదిహేను రోజుల గడువు కావాలి, లోక్‌సభలో నక్షత్రం గుర్తు ప్రశ్నల్లో (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సినవి) రోజుకు ఇరవైకే చోటు, లాటరీలో పేరు రావాలి.

మొదటిసారి రాలేదు. రెండోసారి వచ్చింది గానీ పదిహేడో స్థానంలో. సభ ఆరో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది, మంత్రి నోటి జవాబుకు అవకాశం లేకపోయింది. లిఖిత జవాబులో (బి)కి పథకాల పేర్లు ఇచ్చారు, (సి) దగ్గర పాత వాక్యమే తిప్పి రాశారు. ఆ అమ్మాయి జవాబు ప్రతి మీద (సి) చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన వచ్చే సమావేశాల తేదీ వేసి, ఫైలులో మొదటి కాగితంగా పెట్టింది.